గ్యాసునూనె కరువైన యాడాది

దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, మంట మంచిగనే అంటుకున్నది. చిన్నోడు పొద్దున అడిగిండు గదా, "తాతా, దేశం కాడ నూనె అయిపోతదా?" అని. అయిపోతది కొడుకా. అయిపోయే కాడికి వచ్చిన యాడాది నేను జూసిన.

1990 ఆగస్టు 2న ఇరాక్ ఫౌజు కువైట్ మీద వడ్డది. మా తమ్ముడు అప్పుడు కువైట్‌లనే మేస్త్రి పని జేస్తుండె. మన కరీంనగర్ నుంచి, నిజామాబాద్ నుంచి, అటు కడప, గోదావరి జిల్లాల నుంచి ఎందరో గల్ఫుకు వోయి బతుకుతున్న కాలమది. ఉత్తరం లేదు, ఫోను లేదు. పోస్టుమాన్ సైకిల్ గంట ఇనవడితే మా అమ్మ చేతిల పని ఇడిసి ఉరికేది. ఆఖరికి వాడు బాగ్దాద్ మీదికెల్లి ఎడారిల బస్సు వట్టుకొని జోర్డాన్ దేశం అమ్మాన్ దాకా వోయి, అక్కడ మన ఎయిరిండియా విమానం ఎక్కి బొంబాయిల దిగిండు. అట్ల రెండు నెలలల్ల 1,70,000 మందికి పైగా తెచ్చిండ్రు. వాడొచ్చిన నాడు అమ్మ ఏడ్సిన ఏడుపు నాకిప్పటికీ యాదికున్నది. చేతిల చిన్న సంచి తప్ప ఏం లేకుండె. ఏండ్లకేండ్లు దాసిన పైసలన్నీ ఆడనే వాయె.

మా ఇంటి గోస అట్లుంటే, దేశం గోస ఇంకో తీరు. మనం ఇరాక్ కాడ, కువైట్ కాడ బాగ నూనె కొంటుంటిమి. ఐక్యరాజ్య సమితి ఆ రెండు దేశాల నూనె ఎవరూ కొనొద్దని కట్టడి వెట్టింది. రూపాయలు దీసుకొని నూనె ఇచ్చే సోవియట్ రష్యా కాడనే సరుకు తగ్గవట్టె. యుద్ధానికి ముందు పీపా ధర 17 డాలర్ల కాడ ఉండేది, దసరా నాటికి 40 దాటింది. పీపా అంటే 159 లీటర్లు. ఇగ గల్ఫు నుంచి మనోళ్లు పంపే పైసలు గూడ తగ్గినయి. డాలర్లు వచ్చే తొవ్వ ఇరుకాయె, వోయే తొవ్వ పెద్దగాయె. అక్టోబర్‌ల పెట్రోలు మీద 25 శాతం గల్ఫ్ సర్‌చార్జి ఏసిండ్రు.

నేనప్పుడు ఊర్లె కంట్రోలు దుకాణంల గ్యాసునూనె కొలుస్తుంటి. కార్డు మీద రాసినంత ఇయ్యాలె, కాని డ్రమ్ములల్ల సరుకు ఉంటెనే గదా! లోడు ఆలిశమైతుండె. వచ్చిన నాడు పొద్దు వొడవక ముందే డబ్బాలు వరుస వెట్టుకొని ఆడోళ్లు కూసునేది. నేను డ్రమ్ముల కట్టె ముంచి తడి ఎంత దాకా ఉన్నదో జూసి, ఎనుకకున్నోళ్లను "రేపు రాండ్రమ్మా" అని పంపేది. ఆ మాట అనుడు మా కష్టమనిపించేది. వాళ్లకది పొయ్యి నూనె గాదు, ఎక్కబుడ్డి నూనె. పిల్లగాండ్లు సదువుకునే ఎలుగు అది. నూనె కరువు ముందుగాల చీకటింట్లకే వస్తది. కార్లున్నోళ్లు ధర వెంచినా కొంటరు.

1991 జనవరి 17న అమెరికా దండు ఇరాక్ మీద బాంబులు ఏసుడు మొదలువెట్టింది. అమెరికా కాడ అప్పటికే 58 కోట్ల పీపాలకు పైగా నూనె దాసిపెట్టి ఉండె. 1973ల అరబ్బు దేశాలు నూనె బంద్ జేసిన దెబ్బకు బుద్ధొచ్చి, టెక్సాస్, లూసియానాల ఉప్పు గుహలల్ల నింపుకున్నరు. యుద్ధం మొదలైంగనే వాళ్ల అధ్యక్షుడు బుష్ దాంట్లకెల్లి ఇడువుమన్నడు. అమ్మింది 1 కోటి 73 లక్షల పీపాలే. కాని ఉన్నదన్న ధైర్యం, యుద్ధం జల్ది ఒడుస్తదన్న నమ్మకం కలిసి ఒక్కనాట్లనే ధర దబ్బున వడ్డది. గుమ్మిల గింజలున్నోని బేరం ఏరే ఉంటది.

మనకు అట్ల దాసుకున్నది లేకుండె. మనకున్న దాపుడు బంగారమే. అప్పులు అంతకు ముందే మస్తుగుండె, దాని మీద ఈ నూనె బిల్లు వడ్డది. మూడు వారాల దిగుమతులకు గూడ డాలర్లు సాలని దినాలొచ్చినయి. అప్పటి ప్రధాని చంద్రశేఖర్ సర్కారు మే నెలల 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్‌కు పంపింది. జూన్‌ల మన వంగర బిడ్డ పి.వి. నరసింహారావు ప్రధాని అయిండు. జులైల ఇంకో 47 టన్నులు ఇంగ్లండ్‌కు వాయె, దాని మీద వచ్చింది 40 కోట్ల డాలర్లు. మనూరి దిక్కోడు ప్రధాని అయిండని సంబురం ఒక దిక్కు, ఇంట్ల పుస్తెలు కుదువ వెట్టినంత మనాది ఒక దిక్కు. ఊర్లె ముసలోళ్లు రేడియో కాడ తలకాయ వట్టుకొని కూసున్నరు.

తరువాత శానేండ్లకు మనోళ్లకూ ఆ సోయి వచ్చింది. విశాఖపట్నంల కొండరాయి తొలిచి, సముద్ర మట్టానికి కిందికి, 13.3 లక్షల టన్నుల ముడి నూనె వట్టే గుహ గట్టిండ్రు. 2015ల అది పనిల వడ్డది. కర్ణాటకల మంగళూరు కాడ 15 లక్షల టన్నులది, పాడూరు కాడ 25 లక్షల టన్నులది గూడ గట్టిండ్రు. గుహకు లోపల ఇనుప రేకు ఉండదు బిడ్డా. సుట్టూ రాతి సందులల్ల నీళ్లు నింపి ఉంచుతరు. ఆ నీళ్ల ఒత్తిడి నూనె ఒత్తిడి కంటే ఎక్కువ, అందుకే నూనె బయటికి కారది. 2020ల కరోనా వచ్చి ధర వడిపోయినప్పుడు పీపా 19 డాలర్ల లెక్కన కొని నింపుకున్నరు. ఆ పని జేసినోళ్లకు నేను దండం వెడుత.

కాని మూడు గుహలు నిండుగున్నా దేశానికి తొమ్మిదిన్నర దినాలకే వస్తది. కంపెనీల కాడ ఉండేది కలిపితే రెండున్నర నెలలకు దగ్గర. పెద్ద దేశాలు కలిసి వెట్టుకున్న కట్టుబాటు 90 దినాలు. ఒడిశా చండీఖోల్‌ల 40 లక్షల టన్నులకు, పాడూరుల ఇంకో 25 లక్షల టన్నులకు 2021ల సర్కారు ఒప్పుకున్నది. అవి రెండూ జల్ది తవ్వి నింపాలె. మల్ల యుద్ధం వచ్చినప్పుడు ఏ ఆడమనిషినీ ఎవ్వలూ "రేపు రా" అని ఎనుకకు పంపొద్దు.