ఉభయకుశలోపరి

అమెరికాలో తెలుగువారి చరిత్ర వ్రాయబూనినవారు సాధారణంగా పట్టాలతో మొదలుపెట్టి పదవులతో ముగిస్తారు. ఎవరు ఎప్పుడు డాక్టరేటు పొందారు, ఏ సంస్థలో ఏ హోదా అందుకున్నారు అన్న వివరాలు మన సంచికలలో కావలసినన్ని ఉంటాయి. విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన మొదటి సంవత్సరం ఎట్లా గడిచిందన్నది మాత్రం కనబడదు. పోనీ, ఆనాటి ఉత్తరాలు చూద్దామంటే, అవన్నీ ‘ఉభయకుశలోపరి’తో మొదలై ‘ఇక్కడ ఏ లోటూ లేదు’తో ముగిసేవే. ఇంటివద్ద పెద్దలు బెంగపడతారని వ్రాసిన ఆ మాట వెనుక ఏమున్నదో కొంత చెప్పుకుందామని ఈ వ్యాసం తలపెట్టాము.

అందరూ ఎరిగిన పేరుతోనే ప్రారంభిస్తాము. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1922 అక్టోబరు 26న బోస్టన్ చేరారు. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించినవారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నవారు. స్ప్రూ వ్యాధి ఆయన అన్నదమ్ములలో ఇద్దరిని పొట్టన పెట్టుకుంది. భార్య శేషగిరి గారిని స్వదేశంలో ఉంచి, మామగారి అండతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతో ఓడ ఎక్కారు.

హార్వర్డు వారి ఉష్ణమండల వైద్య పాఠశాలలో ప్రవేశం దొరికింది గాని విద్యార్థి వేతనం దొరకలేదు. పగలు తరగతులు, రాత్రిళ్లు పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో పోర్టరు పని. మద్రాసులో విద్యార్థులకు పాఠం చెప్పిన వైద్యుడు ఇక్కడ రోగుల మలమూత్ర పాత్రలు కడిగి శుభ్రం చేశారు. ఈ సంగతి మన సభలలో చెప్పినప్పుడల్లా వక్త గొంతు గద్గదమవుతుంది, అది సహజమే. అయితే దానిని మహాత్యాగమని కీర్తించేముందు, మన ఊళ్లలో తరతరాలుగా ఆ పని ఎవరిచేత చేయిస్తూ వచ్చామో ఒక్క నిమిషం తలచుకోవడం మంచిదని మా అభిప్రాయం. సుబ్బారావు గారికి అది గడచిపోయే ఒక దశ. ఆ చేతులకు ఆసరాగా పాఠశాల అధిపతి డాక్టరు రిచర్డ్ స్ట్రాంగ్ వంటి పెద్దమనిషి దన్ను కూడా ఉంది.

ఆ మొదటి చలికాలంలోనే మరొకటి జరిగింది. 1923 ఫిబ్రవరి 19న భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు ఈ దేశ పౌరులు కావడానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1917 నాటి చట్టం మన దేశం నుండి వలసలను అప్పటికే నిషేధించింది. విద్యార్థులకు మాత్రం సందు విడిచింది. అంటే, చదువుకోవచ్చు, నిలవడానికి చోటు లేదు. ఏటా 100 మందికి ప్రవేశము, పౌరసత్వపు హక్కు ఇచ్చిన లూస్–సెల్లర్ చట్టం 1946 జులైలో గాని రాలేదు. ఆ తరువాత రెండేళ్లకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు కన్నుమూశారు. భాస్వరాన్ని కొలిచే పద్ధతి (1925), హార్వర్డు డాక్టరేటు (1930), స్ప్రూను నయంచేసే ఫోలిక్ ఆమ్లంపై పరిశోధన, ఇవన్నీ పాఠకులు ఎరిగినవే. ఆయన మాత్రం తిరిగి ఇంటికి వెళ్లనే లేదు.

1965 వలస చట్టం తరువాత వచ్చిన తరం కథ వేరు. అసిస్టెంట్‌షిప్ నమ్ముకుని వచ్చినవారిలో చాలామంది విమానం దిగేసరికి జేబులో ఉన్నది ప్రభుత్వం అనుమతించిన 8 డాలర్లు. డబ్బు కష్టం కనబడేది. చదువు కష్టం అంత సులభంగా కనబడేది కాదు. మనకు ఏడాది పొడుగునా ఒక ఎత్తు, చివరి పరీక్ష ఒక ఎత్తు. ప్రశ్న ఎవరిస్తారో, జవాబు ఎవరు దిద్దుతారో తెలియదు. ఇక్కడ మూడోవారం తిరక్కుండానే క్విజ్, ఆపైన మిడ్‌టర్మ్, వారం వారం హోంవర్కు; చెప్పిన ఆచార్యుడే దిద్దుతాడు, పైగా తనను పేరు పెట్టి పిలవమంటాడు! పాఠ్యగ్రంథంలోని పేరాను పొల్లుపోకుండా అప్పజెప్పినవాడు మన దగ్గర మెరికలాంటి విద్యార్థి. అదే పేరాను ఇక్కడ వ్యాసంలో పెడితే దొంగతనం క్రింద లెక్క. క్లాసు ఫస్టు వచ్చినవారు మొదటి సెమిస్టరులో ‘సి’ గ్రేడు చూసి తలుపు వేసుకుని కూర్చోవడానికి కారణం తెలివి తక్కువై కాదు, తెలివికి కొలబద్ద మారిపోవడం. గ్రేడు సంగతి మాత్రం ఏ ఏరోగ్రాములోనూ ఎక్కలేదు.

వంట సంగతి వేరే చెప్పనక్కరలేదు. అన్నం వార్చడం రానివారు ఉత్తరాల ద్వారా చారు నేర్చుకున్నారు. ఊరికి పది తెలుగు కుటుంబాలైనాక పండుగకు ఒక ఇల్లు దొరికింది. న్యూయార్కులో 1971లో తెలుగు సాహిత్య సాంస్కృతిక సంఘం ఏర్పడింది; 1977లో అక్కడే తానా మొదటి మహాసభ జరిగింది.

నేటి విద్యార్థికి చేతిలో ఫోను ఉంది, అమ్మ ముఖం రోజూ కనబడుతుంది. 2023–24 విద్యాసంవత్సరంలో ఈ దేశంలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. సంఖ్యలో ఏ దేశంకన్నా ఎక్కువ. అయినా ‘ఏ లోటూ లేదు’ అన్నమాట పోలేదు. ఇప్పుడు దాని వెనుక ఉండేది అప్పు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీని ఫెడరల్ అధికారులు మూసివేసినప్పుడు, చిక్కుకున్నవారిలో మన పిల్లలు ఎందరో. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు తగిలించారు. 2019లో మిషిగన్‌లో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే ప్రభుత్వాధికారులే పన్నిన వల. తెలుగు సంఘాలు న్యాయసహాయానికి ముందుకు వచ్చాయి. ఇల్లు తాకట్టుపెట్టి పంపిన తండ్రికి ఆ వార్త కొడుకు నోట కాక టీవీలో తెలియడం ఎట్టిదో ఊహించుకోవలసిందే.

ఇక ఒక విన్నపం. 1960, 70 దశకాలలో వచ్చినవారి ఇళ్లలో, స్వదేశంలో వారి అన్నదమ్ముల అటకలమీద, ఆనాటి నీలి ఏరోగ్రాములు ఇంకా ఉన్నాయి. సిరా వెలిసిపోతోంది. వాటిని పారవేయవద్దు, నకళ్లు తీయించి సంఘానికి పంపండి. వ్రాసినవారు మన మధ్య ఉన్నట్లయితే, ‘ఏ లోటూ లేదు’ అన్న చోట మార్జినులో ఆ రోజు నిజంగా ఏమి తిన్నారో, ఎక్కడ పడుకున్నారో పెన్సిలుతో వ్రాసి మరీ పంపవలసిందిగా కోరుతున్నాము.