నేలమాళిగలో నిర్వహణ సంధి



నాటకానికి మన ఆలంకారికులు ఐదు సంధులు చెప్పారు: ముఖం, ప్రతిముఖం, గర్భం, అవమర్శం, నిర్వహణం. మొదట నాటిన బీజం చివరి సంధిలో ఫలించాలి. నడుమ చెదిరిన అర్థాలన్నీ అక్కడ ఒక్కచోటికి చేరాలి. ఈ లక్షణాన్ని చాలా ఏళ్ళు పాఠంగా చెప్పినవాణ్ణి కనుక, అమెరికాలో పుట్టిన ఒక బల్లమీది ఆటవారు సరిగ్గా ఈ సంధి దగ్గరే తలపట్టుకున్నారని చదివినప్పుడు నాకు ముచ్చట వేసింది.

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనేవారి సృష్టి, 1974లో వెలువడింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర ధరిస్తారు. ఒకరు వీరుడు, ఒకరు మాంత్రికుడు, ఇంకొకరు దొంగ. వేరొకరు సూత్రధారుడై లోకాన్ని వర్ణిస్తారు. ఎవరేమి చేయదలచారో నోటితో చెబుతారు. ఫలించిందో లేదో పాచికలు తేలుస్తాయి. కథ నెలల తరబడి సాగి, తరచుగా ఒక నేలమాళిగలో, దాని చివరి గదిలో ముగుస్తుంది. ఆ చివరి గదిని ఎలా కట్టాలన్నదే ప్రశ్న.

గైగాక్స్ ఇచ్చిన సమాధానం 'టూంబ్ ఆఫ్ హారర్స్'. 1975లో ఆరిజిన్స్ అనే ఆటల సమ్మేళనంలో పోటీగా ఆడించి, 1978లో అచ్చువేశారు. ఆరితేరిన ఆటగాళ్ళ గర్వమణచడానికి కట్టిన సమాధి అది. అడుగడుగునా ఉచ్చులు. అట్టడుగున అసెరెరాక్ అనే పురాతన మాంత్రికుని కపాలం. దాన్ని కదిపినవారి ఆత్మలను అది పీల్చేస్తుంది. అవధానంలో దుష్కర సమస్య వంటిదన్నమాట. పూరించినవాడికి మెప్పు దక్కుతుంది. కాని ఆ కపాలం మీద మనకు కోపం గాని, జాలి గాని పుట్టవు. అద్భుతం ఉంది, భయానకం ఉంది. కథ మాత్రం పలుచన.

రెండవ సమాధానం ట్రేసీ హిక్‌మన్, లారా హిక్‌మన్ దంపతులది. ట్రేసీ యౌవనంలో క్రైస్తవ మత ప్రచారకునిగా ఇండోనేషియాలో ఉన్నారు. ఈ దంపతుల తొలి ఆటకథల్లో ఒకదాని పేరు 'రహసియా'. ఇండోనేషియా భాషలో ఆ మాటకు అర్థం రహస్యమే. మన సంస్కృత పదమే సముద్రం దాటి, ఆ దేశం మీదుగా అమెరికా చేరిందన్నమాట. అటువంటి ట్రేసీకి ఒకనాటి ఆటలో, ఏ సంబంధమూ లేని నేలమాళిగలో, ఒక రక్తపిశాచం ఎదురైంది. ఇది ఇక్కడేం చేస్తోంది అన్న సందేహం ఆయనను వదలలేదు. దంపతులిద్దరూ రక్తపిశాచాల ఐతిహ్యాలను తిరగేశారు. బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన 'డ్రాక్యులా' వరకూ పాకి వచ్చిన సంప్రదాయం అది. తాము కట్టిన కథను కొన్నేళ్ళు హాలోవీన్ పండుగనాడు మిత్రులతో ఆడి సానబెట్టారు. 1983లో టీఎస్‌ఆర్ సంస్థ దాన్ని 'రేవెన్‌లాఫ్ట్' పేరుతో ప్రచురించింది.

అందులో శత్రువు స్ట్రాడ్ అనే ప్రభువు. యుద్ధాల్లో యౌవనం కరిగిపోయినవాడు. తమ్ముడు సెర్గేయ్ పెళ్ళాడబోయే టాట్యానాను మోహించి, మృత్యువుతో ఒప్పందం చేసుకుని, పెళ్ళినాడే తమ్ముణ్ణి చంపాడు. ఆమె కోట గోడ మీది నుండి దూకేసింది. అతడికి చావు లేదు. ఇప్పుడు ఊళ్ళో ఐరీనా అనే పిల్ల అచ్చం టాట్యానాలా ఉంది. కోట కూడా ఈ కథకు తగినట్టే కట్టారు. ప్రార్థనామందిరం, భోజనశాల, బురుజులు, అడుగున సమాధులు. ఏ మెట్లు ఎక్కడికి దిగుతాయో కంటికి కట్టేలా డేవిడ్ సదర్లాండ్ ఏటవాలు పటాలు గీశారు. ఆ సమాధుల్లో సెర్గేయ్‌ది ఒకటి, స్ట్రాడ్‌ది ఒకటి.

అసలు చమత్కారం మరొకటి. ఆట తొలిదశలోనే ఒక సోదెకత్తె పేకముక్కలు పరుస్తుంది. ఖడ్గం ఎక్కడ దొరుకుతుంది, స్ట్రాడ్ ఎక్కడ ఎదురవుతాడు, ఈసారి అతని కోరిక ఏమిటి అన్నవన్నీ ఆ ముక్కలే నిర్ణయిస్తాయి. అంటే ముఖసంధిలో పడే బీజం ప్రతిసారీ వేరు, దాని ఫలమూ వేరు. మన నాటకంలో ముగింపు కవి చేతిలో ఉంటుంది. ఇక్కడ కవి దాన్ని ఆడేవారికి వదిలేశాడు. పాత్రలు ఓడిపోవచ్చు, ఐరీనా దక్కకపోవచ్చు. మరి కవికి మిగిలిందేమిటి? స్ట్రాడ్ అక్కడ ఎందుకున్నాడన్న కారణం. అది పాచికలకు లొంగదు. ఎవరు గెలిచినా ఆ కోటలో తమ్ముడి రక్తం ఉంటుంది. ఐతిహ్యం ఇచ్చే బలం అదేనని నా నమ్మకం.

మనకిది కొత్త కాదు. మైరావణుని కథ తలచుకోండి. రామలక్ష్మణుల కోసం హనుమంతుడు పాతాళానికి దిగుతాడు. ద్వారం కాచే మత్స్యవల్లభుడు తన కొడుకే! మైరావణుని ప్రాణాలు తుమ్మెదల్లో ఉన్నాయన్నది తరువాతి మాట. మనసును పట్టేది ఆ వాకిటి దగ్గరి పోరే.

ఆటకు కథ కట్టే పిల్లలెవరైనా ఇది చదివితే ఒక్క మనవి. చివరి గది గోడలు గీయకముందే, దాని వాకిట ఎవరు నిలబడి ఉన్నారో, లోపలికి వచ్చేవారికి వారేమవుతారో రాసుకోండి. ఉచ్చులు తరువాత అమర్చవచ్చు.