గోపురం నుంచి మణికట్టుకు: పాతబస్తీ గడియారాలు, అయస్కాంతం

హైదరాబాద్ పాతబస్తీలో వేళ తెలుసుకోవడం చాలాకాలం పాటు ఉమ్మడి వ్యవహారంగానే సాగింది. రేయింబవళ్లను అరవై ఘడియలుగా, అంటే ఒక్కొక్కటి 24 నిమిషాల భాగాలుగా లెక్కించిన పాత పద్ధతిలోనైనా, నమాజు వేళలను బట్టి దినచర్య నడుపుకున్న మొహల్లాలలోనైనా, సమయం వీధిలోంచి ఇంట్లోకి వచ్చేదే తప్ప ఎవరి జేబులోనూ ఉండేది కాదు. యంత్రంతో నడిచే గడియారం వచ్చాక కూడా సామాన్యుడికి అది మొదట కనబడింది గోపురాల మీదనే. చౌమహల్లా ప్యాలెస్‌లోని ఖిల్వత్ గడియారం సుమారు రెండున్నర శతాబ్దాలుగా నడుస్తోందని ప్రతీతి. దానికి వారానికొకసారి చావి ఇచ్చే బాధ్యత మరమ్మతు పనిలో ఆరితేరిన ఒక కుటుంబానిది. 1591 నాటి చార్మినార్‌కు నాలుగు వైపులా గడియారాలు అమరింది 1889లో. మరి మూడేళ్లకు, 1892లో, అప్పటి ప్రధానమంత్రి ఆస్మాన్ జా మహబూబ్ చౌక్‌లో గడియార స్తంభం కట్టించాడు. 1904లో రాజా రాయ్ రాయాన్ కట్టించిన షాలిబండ గోపురం వీటన్నిటికంటే ఆసక్తికరమైనది: దాని ముఖం మీద రోమన్, అరబీ అంకెలతో పాటు తెలుగు, నాగరి అంకెలు కూడా ఉన్నాయి గనుక, ఆ వీధిన తలెత్తి చూసేవారు ఎవరెవరో కట్టించినవారికి బాగా తెలుసుననుకోవాలి.

గోపుర గడియారాన్ని అయస్కాంతం దాదాపుగా ఏమీ చేయలేదు. బరువైన లోలకం ఊగే వేగం దాని పొడవు మీదా భూమ్యాకర్షణ మీదా ఆధారపడుతుంది కాబట్టి, దానికి దుమ్ము, ఎండిపోయిన నూనె, తుప్పు, పావురాలు శత్రువులవుతాయి గాని చిన్నపాటి అయస్కాంత శక్తి లెక్కలోకి రాదు. గడియారం మణికట్టుకు చేరేసరికి లోలకం స్థానాన్ని బ్యాలెన్స్ వీలు, అంటే ఇటూ అటూ తిరిగే చిన్న చక్రం, దానికి బిగించిన హెయిర్ స్ప్రింగు ఆక్రమించాయి. వెంట్రుకంత సన్నని ఈ చుట్టల స్ప్రింగు ఉక్కుతో చేసినదైతే, అయస్కాంతం సోకినప్పుడు చుట్టలు ఒకదానికొకటి అంటుకుని, పనిచేసే పొడవు తగ్గిపోయి, చక్రం త్వరత్వరగా ఊగడం వల్ల వాచీ రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడుతుంది. అసలు కారణం గ్రహించకుండా వేగాన్ని తగ్గించే మీటను జరపడం ఈ పనిలో తరచు జరిగే పొరపాటు. తరువాత అయస్కాంత శక్తి తొలగించగానే అదే వాచీ వెనుకబడిపోతుంది.

ఈ జబ్బు విద్యుత్తుతో పాటు పెరిగినది. హుస్సేన్ సాగర్ ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రం వెలసిన 1920లోనే, నికెల్ ఉక్కు మిశ్రమాలపై చేసిన పరిశోధనకు షార్ల్ ఎదువార్ గియోమ్‌కు భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి రావడం కేవలం కాకతాళీయమే అయినా, కారణమూ మందూ ఒకే ఏడాది పక్కపక్కన నిలిచినట్టు తోస్తుంది. ఆ పరిశోధన దారిలో వచ్చిన కొత్త మిశ్రమ లోహాల స్ప్రింగులు వేడికీ, చాలావరకు అయస్కాంతానికీ తట్టుకున్నాయి. టిస్సో సంస్థ 1930లో అయస్కాంత నిరోధక చేతి వాచీని తెచ్చింది. 1955లో ఐడబ్ల్యూసీ ఇంజినియర్, 1956లో వెయ్యి గాస్‌ల అయస్కాంత క్షేత్రాన్ని తట్టుకుంటుందన్న రోలెక్స్ మిల్‌గాస్ మరో ఉపాయాన్ని ఆశ్రయించాయి: యంత్రం చుట్టూ మెత్తని ఇనుముతో లోపలి కవచం అమర్చితే, బలరేఖలు యంత్రంలోకి పోకుండా ఆ ఇనుము గుండానే చుట్టి వెళ్లిపోతాయి.

పాతబస్తీ సామాన్యుడి మణికట్టు చరిత్ర మాత్రం ఇంత ఖరీదైనది కాదు. జపాన్‌కు చెందిన సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ వాచీలు, ముఖ్యంగా గంటకు 18,000 సార్లు టిక్కుమనే చావి వాచీ జనతా, దేశమంతటా పెళ్లి కానుకలయ్యాయి. 2016లో ఆ సంస్థ మూసివేత నిర్ణయం వెలువడ్డాక వాటి మీద మోజు ఇంకా పెరిగింది. జుమ్మేరాత్ బజారులోనో మరో పాతసామాను సంతలోనో అలాంటి వాచీని ఎంచుకునేవారు డయలు తళతళకు మోసపోకూడదు, ఎందుకంటే కొత్తగా రంగు వేసిన డయలు కింద మరో మోడల్ మెషీన్ ఉండడం ఈ వ్యాపారంలో పాత సంగతే. వెనుకమూత విప్పించి, తుప్పు మరకలు చూసి, బ్యాలెన్స్ చక్రం ధారాళంగా ఊగుతోందో లేదో గమనించాక, వాచీని ఒక చిన్న దిక్సూచి దగ్గరకు తీసుకువెళ్లడం చివరి పరీక్ష: వాచీ నడుస్తుండగా సూది వణికితే లోపల ఏదో ఉక్కు భాగం అయస్కాంతమైందని అర్థం.

చికిత్స చవక. ఘడీసాజ్, అంటే వాచీ పనివాడు, బల్ల మీద ఉంచుకునే డీమాగ్నెటైజర్‌లో ఒక తీగచుట్ట ఉంటుంది. మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తాలతో దిశ మార్చుకుంటుంది కాబట్టి, ఆ చుట్ట మధ్య నుంచి వాచీని మెల్లగా దూరంగా లాగుతుంటే, ఉక్కులోని అయస్కాంత శక్తి ఇటూ అటూ తిరుగుతూ క్రమంగా సన్నగిల్లి పోతుంది. మూత తీయనక్కరలేదు, కాని తొందరపడి స్విచ్ కట్టేస్తే ఫలితం తలకిందులవుతుంది. అయస్కాంత నిరోధకమని చెప్పుకోవాలంటే, ఐఎస్‌ఓ 764 ప్రమాణం ప్రకారం మీటరుకు 4,800 ఆంపియర్ల క్షేత్రం సోకాక కూడా వాచీ నడకలో రోజుకు 30 సెకన్లకు మించి తేడా రాకూడదు. ఇది దాదాపు 60 గాస్‌లు మాత్రమే. మొబైల్ స్పీకరుకో, బ్యాగు అయస్కాంతపు బొత్తానికో ఆనించి పెడితే ఆ హద్దు దాటవచ్చు. అయితే దూరంతో క్షేత్రం వేగంగా క్షీణిస్తుంది కాబట్టి జానెడు ఎడం చాలావరకు కాపాడుతుంది.

ఇప్పటి కొనుగోలుదారులకు మెషీన్ కనిపించే గాజు వెనుకమూత మీద మక్కువ ఎక్కువ, ఇనుప కవచం ఉన్న వాచీలో ఆ ముచ్చట తీరదు. 2001 నుంచి వాడుకలోకి వచ్చిన సిలికాన్ భాగాలు అయస్కాంతానికి అసలే లొంగవు గనుక, సిలికాన్ స్ప్రింగు ఈ పీటముడిని విప్పింది; కాని పాతబస్తీలోని పత్తర్‌గట్టి బజారు పనివాడు పట్టకారుతో ఉక్కు స్ప్రింగు వంపు సరిచేసినట్టు దాన్ని సరిచేయలేడు, పెళుసైన ఆ పదార్థం విరిగితే కంపెనీ నుంచి కొత్తది తెప్పించవలసిందే.