కొండ ఎత్తు రాశారు, మరి పేరు?



వికీపీడియాలో ఏ కొండ పేజీ తెరిచినా పక్కన ఒక పెట్టె కనబడుతుంది. ఎత్తు, అక్షాంశ రేఖాంశాలు, పర్వత శ్రేణి, మొదట ఎక్కినవాళ్లు. అన్ని కొండలకూ అవే గడులు.

ఈ లెక్క సర్వే దొరల కాలం నుంచీ ఉన్నదే. హిమాలయాల్లో ఒక శిఖరం ఎత్తు 29,002 అడుగులని 1856లో ప్రకటించారు. 1865లో తమ పాత సర్వేయర్ జనరల్ ఎవరెస్ట్ పేరు పెట్టేశారు. టిబెట్ వాళ్లకు అది ఎప్పట్నుంచో చోమోలుంగ్మా.

మన పక్కనే ఒడిశాలో నియమగిరి ఉంది. కంపెనీ లెక్కలో అది బాక్సైట్. డోంగ్రియా కోందులకు నియమరాజు ఉండే చోటు. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలనే తేల్చమంది. జిల్లా జడ్జి ఎదుట 12 పల్లెలూ గని వద్దన్నాయి. పెద్దల నోటిమాట రికార్డుకెక్కింది. 2014లో కేంద్రం గనికి అనుమతి నిరాకరించింది.

వికీపీడియా మాత్రం అచ్చయిన ఆధారం అడుగుతుంది, పెద్దలు చెప్పారంటే చాలదు. కాబట్టి ఎత్తు సరిగ్గానే నింపుదాం. సెలవులకు ఊరెళ్లినప్పుడు మన కొండ పేరు, దేవుడు, పండగ గురించి పెద్దల్ని అడిగి రాసుకుందాం, అచ్చు వేయిద్దాం. ఆధారం మనమే తయారు చేయాలి.