తనిష్క్ ‘ఏకత్వం’ ప్రకటన వివాదం

టాటా గ్రూపులోని టైటన్ కంపెనీకి చెందిన నగల బ్రాండ్ తనిష్క్ 2020 అక్టోబరులో విడుదల చేసిన ‘ఏకత్వం’ వీడియో ప్రకటనపై సామాజిక మాధ్యమాల్లో రేగిన వివాదం. ముస్లిం అత్తవారింట హిందూ కోడలికి సీమంతం జరిపించడం దాని ఇతివృత్తం. ఇది ‘లవ్ జిహాద్’ను ప్రోత్సహిస్తోందంటూ ట్విట్టర్‌లో బహిష్కరణ పిలుపు ట్రెండ్ అయింది.

సంస్థ మొదట యూట్యూబ్‌లో వ్యాఖ్యలు, లైకులు కనబడకుండా చేసింది. విమర్శ ఆగలేదు, వేదిక మారిందంతే. అక్టోబరు 13న ప్రకటననే ఉపసంహరించింది. మనోభావాలు గాయపడటంతో పాటు ఉద్యోగులు, భాగస్వాములు, దుకాణ సిబ్బంది క్షేమాన్నీ కారణంగా చెప్పింది. ఈ రెండో కారణమే కీలకం: ఆన్‌లైన్ ఆగ్రహాన్ని చివరికి ఎదుర్కోవలసింది కౌంటరు వెనక నిలబడ్డవారే. గుజరాత్‌లోని గాంధీధామ్ దుకాణం తలుపుకు క్షమాపణ చీటీ అంటించారు. వెనక్కి తగ్గినందుకు మరో వర్గం తప్పుపట్టింది. ప్రకటన నియమావళిని ఉల్లంఘించలేదని భారత ప్రకటనల ప్రమాణాల మండలి (ఆస్కీ) తేల్చినా, అప్పటికే అది తెరల మీద లేదు.

2019లో హోలీ నేపథ్యంగా హిందూ బాలిక, ముస్లిం బాలుడి స్నేహాన్ని చూపిన సర్ఫ్ ఎక్సెల్ ప్రకటనకూ ఇదే సెగ తగిలింది. ఆ డిటర్జెంట్ తయారీదారు హిందుస్థాన్ యూనిలీవర్ మాత్రం ప్రకటనను తొలగించలేదు.