రాతకు పెట్టిన బంగారం

మొన్న నా కొత్త నవల అచ్చుకు వెళ్లేముందు ప్రచురణకర్త దగ్గర్నుంచి కబురొచ్చింది. "అట్ట వెనక వేయాలి, మీ గురించి నాలుగు ముక్కలు రాసి పంపండమ్మా" అని. కాగితం ముందు పెట్టుకుని గంటసేపు కూర్చున్నాను. మూడొందల పేజీలు రాసిన చేతికి నాలుగు ముక్కలు రాలేదంటే నమ్ముతారా? ఫలానావారి అమ్మాయిని, ఫలానావారి ఇల్లాలిని, ఇద్దరు పిల్లల తల్లిని అని రాశాను. మళ్లీ కొట్టేశాను. అన్నీ నిజాలే. కానీ వాటిలో నవల రాసిన మనిషి ఏదీ?

అప్పుడు గుర్తొచ్చారు, మా బాపట్ల కనుపర్తి వరలక్ష్మమ్మగారు.

ఆవిడ 1896లో పుట్టారు. 1909లో, పన్నెండు పదమూడేళ్లకే పెళ్లయింది. ఆ రోజుల్లో ఆడపిల్ల పేరు అచ్చులో కనిపించేది ఒక్కచోటే, శుభలేఖలో. అలాంటి కాలంలో ఈవిడ కథలు రాశారు, వ్యాసాలు రాశారు. ఆ రాతలకు ఒక పెద్ద వాకిలి తెరిచింది మన ఒంగోలు వైపు మనిషే. ఇనమనమెళ్లూరులో పుట్టిన కె.ఎన్. కేసరిగారు చిన్నతనంలోనే పొట్ట చేతబట్టుకుని మద్రాసు చేరారు. వైద్యం నేర్చి, కేసరి కుటీరం పెట్టి, ఆడవాళ్లకోసం 'లోధ్ర' అనే మందు తయారుచేసి బాగా సంపాదించారు. 1928లో 'గృహలక్ష్మి' మాసపత్రిక మొదలుపెట్టారు.

మందు అమ్ముకోవడానికే పత్రిక పెట్టారంటారా? వ్యాపారికి వ్యాపారబుద్ధి ఉండదా ఏం! పత్రిక పేరులోనే 'గృహం' ఉంది కదా, ఆడదాన్ని గడప దాటనిస్తుందా అని కూడా అడగవచ్చు. అడగవలసిందే. కానీ ఆ గడపలోంచే వరలక్ష్మమ్మగారు ఊళ్లన్నీ తిరిగొచ్చారు. 1929 నుంచి ఆ పత్రికలో 'శారద లేఖలు' రాశారు. శారద తన స్నేహితురాలు కల్పలతకు రాసే ఉత్తరాలవి. ఖద్దరు, అస్పృశ్యత, విడాకులు, బాల్యవివాహాలు అన్నీ ఆ ఉత్తరాల్లోకి వచ్చాయి. ఆడపిల్లకు పద్నాలుగేళ్లు నిండాలన్న శారదా చట్టం వచ్చిందీ 1929లోనే. పదమూడు దాటకుండానే మెట్టినింటికి మాటిచ్చిన మనిషి ఆ సంగతులు మాట్లాడుతుంటే, ఆ మాటకెంత బరువుంటుందో ఆలోచించండి. ఉపన్యాసమైతే మగవాళ్లు వద్దనేవారేమో. ఉత్తరానికి ఎవరడ్డం? వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చుని, తనకే వచ్చిందనుకుని చదువుకోవచ్చు.

1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణం మొదటిసారి ఇచ్చారు. అది అందుకున్నది వరలక్ష్మమ్మగారే. ఆ తర్వాత మరికొందరు రచయిత్రులూ అందుకున్నారు.

మన మిరప చేల ఊళ్లలో బంగారం సంగతి మీకు చెప్పాలా? మా అమ్మమ్మగారి ఊళ్లో కాయ కల్లంలో ఎండి, టిక్కీలకెక్కి, గుంటూరు యార్డులో ధర పలికితేనే పిల్ల మెళ్లో గొలుసు. పత్తికి పురుగు తగిలిందా, గాజులు పైయేటికే. పుట్టింటివాళ్లు పెట్టినా, అత్తింటివాళ్లు పెట్టినా, ఆ బంగారం పిల్ల పెళ్లికి పెట్టినది. అప్పు ముంచుకొచ్చిన ఏడు అదే ముందు తాకట్టుకు పోయేది. పిల్లనడిగేవాళ్లూ లేరు.

వరలక్ష్మమ్మగారి కంకణం అలాంటిది కాదు. అది పంట పెట్టలేదు, కట్నం పెట్టలేదు. ఆవిడ రాత పెట్టింది. ఒక ప్రచురణకర్త తన రచయిత్రి గురించి లోకానికి చెప్పదలుచుకున్న వార్తకు ఇంతకన్నా మంచి అచ్చు ఏముంటుంది? పత్రిక తెరిచిన ఏ ఇల్లాలైనా, "మనలాంటి ఆడమనిషికే, కలం పట్టినందుకు!" అని ఒక్క క్షణం తన బోసి చేతివంక చూసుకునే ఉంటుంది.

వరలక్ష్మమ్మగారు 1978లో వెళ్లిపోయారు. కేసరిగారు అంతకు చాలా ముందే పోయారు. బాపట్ల 2022లో జిల్లా కూడా అయింది. ఆ కంకణం ఇప్పుడెక్కడుందో గానీ, దాని మెరుపు మాత్రం ఆవేళ నా కాగితంమీద పడింది.

నాలుగు ముక్కలూ రాసి పంపేశాను. మొదటి ముక్క, "నవలలు రాస్తుంది." పుట్టిన ఊరు, మెట్టిన ఊరు, పిల్లలు, అందరూ దాని వెనకే వచ్చారు. ఎవరూ నొచ్చుకోలేదు. మా పెద్దది మాత్రం, "అమ్మా, నా పేరు చివర్న వేశావేం?" అంది.

"నీ పుస్తకం అట్టమీద మొదట వేయించుకుందువులే" అన్నాను.