చీకట్లో దొంగ, చేతిలో కర్ర

2024 జులై 1న భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. సెక్షన్ల అంకెలు మారాయి గానీ, ఇంట్లో దొంగ పడితే ఇంటివాళ్లు ఎంతవరకు చెయ్యి చేసుకోవచ్చన్న దానికి జవాబు దాదాపు పాతదే.

రాత్రి దొంగను చంపినా తప్పులేదని, పగటి దొంగనైతే ఆయుధంతో ఎదురు తిరిగితేనే చంపవచ్చని ప్రాచీన రోమన్ల పన్నెండు పట్టికలు చెప్పాయి. మీదపడి చంపబోయే ఆతతాయిని చంపితే దోషం లేదంది మనుస్మృతి. ఎవరి ఇల్లు వారికి కోట అని 1604లో ఇంగ్లండ్ న్యాయస్థానం తేల్చింది.

ఇంత చరిత్రలోనూ నా మనసు ఆగేది శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికం మూడో అంకం దగ్గర. ప్రియురాలు మదనికను దాస్యం నుంచి విడిపించడానికి శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తాడు. కొలతాడు మరిచిపోయి, జంధ్యంతోనే గోడ కొలుస్తాడు. కన్నం ఏ ఆకారంలో ఉండాలో ఆలోచించి, పూర్ణకుంభంలా తవ్వుతాడు. తలుపు కిర్రుమనకుండా నీళ్లు చల్లుతాడు. లోపల నిద్రలో కలవరిస్తున్న చారుదత్తుడి స్నేహితుడు మైత్రేయుడు, నగల మూటను తన చేత్తోనే దొంగకు అందిస్తాడు. తెల్లారాక చారుదత్తుడు ఆ కన్నం పనితనం చూసి మెచ్చుకుంటాడు!

మైత్రేయుడు నిజంగానే మేలుకుని కర్ర తీసుకుని ఉంటే? ఆ ప్రశ్నకు 1860 నాటి శిక్షాస్మృతిలో సూటిగా జవాబుంది. గోడకు కన్నం వేసి లోపలికి చెయ్యి పెట్టడమే, ఇంటిని ఛేదించి చొరబడే నేరానికి ఆ చట్టం ఇచ్చిన మొదటి ఉదాహరణ. పొద్దుగూకాక, తెల్లవారేలోగా అలా చొరబడితే, కాపాడుకోవడానికి అవసరమైనంత మేరకు కొట్టిన దెబ్బకు దొంగ ప్రాణం పోయినా ఇంటివాడిది నేరం కాదు. అప్పటి 103వ సెక్షన్ ఇప్పుడు 41. పగటిపూట వట్టి దొంగతనమైతే ఈ వెసులుబాటు లేదు. ప్రాణానికో, తీవ్ర గాయానికో భయపడే కారణం ఉండాలి. చట్టం మరో మంచి మాట కూడా చెప్పింది: రాత్రివేళ హక్కుతోనే ఇంట్లోకి వచ్చిన మనిషిని, సద్భావంతోనే దొంగనుకుని కొట్టినా నేరం కాదు. అయితే దెబ్బ తిన్నవాడికీ తిరగబడే హక్కుంది. చీకట్లో మనిషికి కలిగే భయాన్ని ఇంత దయగా అర్థం చేసుకున్న చట్టం మరొకటి నాకు తెలియదు.

ఆధునిక కాలానికి వచ్చేసరికి లెక్క చిక్కుపడింది. బిహార్‌లో ఒకాయన తన మరుగుదొడ్డిని పొరుగువాళ్లు వాడకుండా దారిలో కరెంటు పారే రాగితీగ కట్టాడు. అది తగిలి ఒక పొరుగామె చనిపోయింది. 1963లో సుప్రీంకోర్టు అతని శిక్షను ఖాయం చేసింది. అడుగుపెట్టినంత మాత్రాన మనిషి ప్రాణానికి విలువ లేకుండా పోదని ఆ తీర్పు సారం. మన ఊళ్లలో చేల చుట్టూ కరెంటు తీగలు కట్టేవాళ్లంతా ఇది వినాలి.

ఇంకొకటి మరీ బాధాకరం: దొరికిన దొంగను స్తంభానికి కట్టేసి, ఊరంతా చేరి కొట్టడం. కట్టుబడ్డవాడి వల్ల ప్రమాదం ముగిసిపోయింది. ఇక ఆత్మరక్షణ హక్కు లేదు. ఆ దెబ్బలకు చనిపోతే కొట్టినవాళ్లు హత్య కేసులో ఇరుక్కుంటారు. దయచేసి, దొంగ చిక్కగానే కర్ర కింద పెట్టి 112కు ఫోన్ చేయండి.